బేబీ పెగ్గీ: హాలీవుడ్ మూకీల నాటి చిన్నారి స్టార్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హాలీవుడ్ బాలనటి అనగానే మనలో చాలామందికి షర్లీ టెంపులే గుర్తొస్తుంది. ఆమె పుట్టింది 1928లో. అప్పటికే ఇంకో పిల్ల అమెరికా మొత్తాన్ని ఊపేసి, లక్షల డాలర్లు సంపాదించి, సినిమాల్లోంచి వెళ్లిపోవడం కూడా అయిపోయింది. ఆ పిల్ల గురించి ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఇవి.

అసలు ఎవరీ బేబీ పెగ్గీ?

అసలు పేరు పెగ్గీ-జీన్ మాంట్‌గోమరీ. 1918 అక్టోబర్ 29న కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పుట్టింది. నాన్న జాక్ మాంట్‌గోమరీ కౌబాయ్. అంటే టోపీ పెట్టుకుని ఫొటోలు దిగే రకం కాదు, నిజంగానే గుర్రం మీద పశువులు తోలిన మనిషి. ఆ పనులు తగ్గిపోయాక హాలీవుడ్ చేరి వెస్టర్న్ సినిమాల్లో గుర్రపు స్వారీలు, ఫీట్లు చేసేవాడు. ఆ రోజుల్లో పెద్ద వెస్టర్న్ హీరో టామ్ మిక్స్‌కి డూప్‌గా కూడా చేశాడు. అమ్మ పేరు మేరియన్, అక్క లూయీస్. పెద్దయ్యాక పెగ్గీ పేరు మార్చుకుని డయానా సెర్రా కేరీ అయింది, పుస్తకాలన్నీ ఆ పేరుతోనే వచ్చాయి. అందుకే వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకాలి.

19 నెలల పిల్లని సినిమాలోకి ఎలా తీసుకున్నారు? ఆడిషన్ ఏమైనా జరిగిందా?

ఆడిషనూ లేదు, సిఫార్సూ లేదు. సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసే ఒక స్నేహితురాలితో కలిసి అమ్మ హాలీవుడ్‌లోని సెంచురీ స్టూడియో చూడ్డానికి వెళ్తూ పాపనీ వెంట తీసుకెళ్లింది. అక్కడి దర్శకుడు ఫ్రెడ్ ఫిష్‌బ్యాక్ కంట్లో పడింది. చక్కగా ఉన్న పిల్లలు హాలీవుడ్‌లో వీధికొకరు దొరికేవాళ్లు, అతనికి నచ్చింది అది కాదు. ఆ వయసు పిల్లలు కొత్త చోట ఏడవడమో, పరిగెత్తడమో, అమ్మ చంకలోంచి దిగకపోవడమో చేస్తారు కదా, ఈ పిల్ల మాత్రం కూర్చోమన్నచోట కదలకుండా కూర్చుంది.

ఆ క్రమశిక్షణ ఇంట్లో నాన్న పెట్టినది. ఒకసారి చెబితే చేయాలి, రెండోసారి చెప్పించుకోకూడదు, అదీ ఆయన పద్ధతి. తర్వాత కూడా జాక్ అందరితో అనేది ఇదే, మా అమ్మాయికి ఉన్నది టాలెంట్ కాదు, చెప్పిన మాట వినడం అని. కూతురి విజయం గురించి ఒక తండ్రి అలా చెప్పుకోవడం నాకైతే చివుక్కుమనిపిస్తుంది. కానీ ఆ రోజు ఆమెకి పని దొరికింది మాత్రం దానివల్లే.

సెంచురీ వాళ్ల దగ్గర అప్పటికే బ్రౌనీ అని ఒక కుక్క స్టార్ ఉండేది. దానికి జోడీగా పాపని పెట్టి తీసిన మొదటి సినిమా 'ప్లేమేట్స్', 1921లో వచ్చింది. సరిగ్గా అదే ఏడాది మన రఘుపతి వెంకయ్య కుటుంబం మద్రాసులో 'భీష్మ ప్రతిజ్ఞ' తీసింది. అక్కడ కుక్కా పాపా, ఇక్కడ భీష్ముడు, రెండూ మూకీలే.

అంత చిన్న పిల్ల నిజంగా నటించేదా?

ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే మూకీ అనే టెక్నిక్ లేకపోతే ఈ కెరీరే లేదు. కెమెరా తిరుగుతున్నప్పుడు శబ్దం రికార్డు కాదు కాబట్టి కెమెరా పక్కన నిలబడి ఎవరు ఎంత గట్టిగా అరిచినా ఫర్వాలేదు. జాక్ అక్కడే ఉండి 'ఇటు చూడు, ఇప్పుడు ఏడువు, ఆపు, నవ్వు, తలుపు దగ్గరికి పో' అని ఒక్కో ముక్క అందిస్తుంటే పాప చేసుకుంటూ పోయేది. టాకీల్లో అయితే అలా కుదరదు, డైలాగు నేర్చుకుని నిశ్శబ్దంగా ఉన్న సెట్లో తనంతట తనే చెప్పాలి.

అలాగని తోలుబొమ్మ అనేయడం మాత్రం అన్యాయం. ఇప్పటికీ మిగిలిన చిన్న సినిమాలు చూడండి. నుదుటి మీదికి సమంగా కత్తిరించిన నల్లటి జుట్టు, పెద్ద పెద్ద ముదురు రంగు కళ్లు, ఆ కళ్లతో పక్కవాణ్ణి కిందినుంచి పైదాకా ఒకసారి చూసి వెంటనే తల తిప్పేసుకునే తీరు. ఆ టైమింగ్ ఎవరో అరిచి చెబితే వచ్చేది కాదు. నాలుగైదేళ్ల వయసులో అప్పటి పెద్ద తారలని, రుడాల్ఫ్ వాలెంటినో, పోలా నెగ్రీ లాంటివాళ్లని అనుకరిస్తూ చేసిన పేరడీలు ఆమెకి బాగా పేరు తెచ్చాయి. పెద్దవాళ్ల హావభావాల్లోని అతిని ఒక చిన్నపిల్ల మొహంలో చూస్తే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది?

ఇంకో సంగతి. అప్పటి ఫిల్ముకి ఎరుపు రంగు కనిపించేది కాదు, ఎర్రటివన్నీ నల్లగా పడేవి, లేత నీలం తెల్లబడిపోయేది. నీలికళ్ల నటులకి కళ్లు పాలిపోయినట్టు వచ్చి తిప్పలయ్యేవి. పెగ్గీ ముదురు కళ్లకి ఆ బాధ లేదు, ఎంత దూరంనుంచి తీసినా చూపు తెలిసేది.

మొత్తం ఎన్ని సినిమాలు చేసింది?

1921 నుంచి 1924 లోపు సెంచురీకి చేసిన చిన్న హాస్య చిత్రాలే 150 దాకా అంటారు. ఇవి మనం అనుకునే మూడు గంటల సినిమాలు కావు, ఎక్కువగా రెండు రీళ్లవి, ఇరవై నిమిషాల్లో అయిపోయేవి. అయినా లెక్క వేసుకోండి, దాదాపు వారానికొకటి. సెంచురీ సినిమాలని యూనివర్సల్ విడుదల చేసేది. పాపకి గిరాకీ పెరిగాక యూనివర్సలే పెద్ద సినిమాలు తీసింది, 1923లో 'ది డార్లింగ్ ఆఫ్ న్యూయార్క్', 1924లో 'ది లా ఫర్‌బిడ్స్', 'ది ఫ్యామిలీ సీక్రెట్'. తర్వాత నిర్మాత సోల్ లెస్సర్ దగ్గరికి వెళ్లి 1924లోనే 'కెప్టెన్ జనవరి', 'హెలెన్స్ బేబీస్' చేసింది. ఈ రెండోదాంట్లో క్లారా బో కూడా ఉంది, అప్పటికింకా ఆమె పెద్ద స్టార్ కాలేదు. పోస్టర్ మీద అసలు ఆకర్షణ పెగ్గీనే.

ప్రమాదకరమైన సీన్లకి డూప్ ఉండేవారా?

లేరు. నాన్నే స్టంట్‌మ్యాన్, ఆయనకి అదంతా మామూలు విషయం.

ఒక సినిమా కోసం సముద్రపు నీళ్లలో ముంచి పట్టుకుంటే పాప స్పృహ తప్పింది. ఇంకోదాంట్లో రైలు పెట్టె కింద వేలాడుతూ ప్రయాణం చేసింది. అన్నిటికంటే ఘోరం 'ది డార్లింగ్ ఆఫ్ న్యూయార్క్'లో మంటల సీను. గది సెట్టుకి నిప్పు పెట్టారు, పాప ఫలానా దారిన బయటికి రావాలని ముందే అనుకున్నారు, తీరా చూస్తే ఆ దారికే మంట అంటుకుంది. అప్పటికి నాలుగేళ్లు. కెమెరా తిరుగుతూనే ఉంది, ఆ పిల్ల తనంతట తనే వేరే దారి చూసుకుని బయటపడింది. ఈ సినిమాలో కొంత భాగమే ఇప్పుడు మిగిలింది, కానీ సీను గురించి ఆమె జీవితాంతం చెబుతూనే ఉంది. తెర మీద చూసినవాళ్లు పాప ఎంత బాగా నటించిందో అని చప్పట్లు కొట్టి ఉంటారు.

స్కూలు? పని గంటలు? చట్టం అంటూ ఏమీ లేదా?

రోజుకి 8 గంటలు, వారానికి 6 రోజులు పని. పెద్దవాళ్ల డ్యూటీ అన్నమాట. స్కూలు సంగతికొస్తే సినిమాలు చేసిన కాలంలో చాలావరకు ఆమెకి బడి వయసే రాలేదు, వచ్చాక కూడా సరైన బడి చదువు స్టేజీ టూర్లన్నీ ముగిసేదాకా లేదు. అక్క లూయీస్ చదువూ చెల్లెలి షెడ్యూలు ప్రకారం నడవాల్సిందే, కుటుంబం ఎక్కడికి పోతే అక్కడికి. ఆ అమ్మాయి గురించి ఎవరూ అడగరు గానీ, స్టార్ చెల్లెలి పక్కన పెరగడం కూడా చిన్న విషయమేం కాదు.

ఎంత సంపాదించింది? ఆ అంకెలు నిజమేనా?

1922లో ఆమెకి వచ్చిన అభిమానుల ఉత్తరాలు 12 లక్షలు. 1924 నాటికి 'మిలియన్ డాలర్ బేబీ' అని పిలిచేవాళ్లు, ఎందుకంటే ఏడాదికి 15 లక్షల డాలర్ల ఒప్పందం అని అప్పట్లో మారుమోగింది. పత్రికలకిచ్చిన అంకెలని కాస్త తగ్గించి చదవడం మంచిది, హాలీవుడ్ పబ్లిసిటీ వాళ్లు ఎప్పుడూ ఒక సున్నా ఎక్కువే పెడతారు. కానీ ఎంత తగ్గించినా అది అప్పట్లో అత్యధిక పారితోషికాల్లో ఒకటి, అందులో అనుమానం లేదు.

సినిమాలే కాదు. పెగ్గీ బొమ్మలు, పాటల పుస్తకాలు, నగలు, మిఠాయిలు, అన్నీ అమ్ముడుపోయాయి. తర్వాతి కాలంలో పెద్ద స్టార్ అయిన జూడీ గార్లండ్ దగ్గర చిన్నప్పుడు పెగ్గీ బొమ్మ ఉండేది. 1924లో న్యూయార్క్‌లో డెమోక్రటిక్ పార్టీ మహాసభ జరిగితే ఐదేళ్ల పెగ్గీని మస్కట్‌గా, అంటే సభకి శుభచిహ్నంగా పిలిచారు, వేదిక మీద తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పక్కన నిలబడి జెండా ఊపింది. ఆ సభలో అభ్యర్థిని తేల్చడానికి 103 సార్లు ఓటింగ్ జరిగింది, అంత విసుగులో ఒక చిన్నపిల్ల జెండా ఊపడం జనానికి కాస్త రిలీఫే అయ్యుంటుంది.

మరి ఆ డబ్బంతా ఏమైంది?

ఖర్చైపోయింది. కార్లు, ఇళ్లు, బట్టలు. జాక్, మేరియన్ ఇద్దరూ డబ్బు ఎరగని ఇళ్లనుంచి వచ్చినవాళ్లు, ఒక్కసారిగా వచ్చిపడేసరికి ఎప్పటికీ ఇలాగే వస్తుంది అనుకున్నారు. పాప పేరు మీద విడిగా ఏమీ దాచలేదు. లెక్కలు చూసుకోమని నమ్మి అప్పగించిన బంధువు కొంత ఊడ్చుకుపోయాడు, వ్యాపార భాగస్వాములు కొంత ముంచారు. ఆమెకి పదేళ్లు దాటి నాలుగేళ్లు తిరక్కుండానే చిల్లిగవ్వ మిగల్లేదు. ఇక పాప చేతికి వచ్చిందెంత అంటారా? తర్వాత స్టేజీ షోలు చేసినప్పుడు ఒక్కో ప్రదర్శనకి ఒక నికెల్, అంటే 5 సెంట్లు ఇచ్చేవాళ్లు.

ఇక్కడ చాలామంది 'దుర్మార్గపు తల్లిదండ్రులు' అని తేల్చేసి ముందుకెళ్లిపోతారు. నేను అంత తొందరగా తేల్చను. అప్పటి చట్టం ప్రకారం మైనరు సంపాదన తల్లిదండ్రులదే. అంటే వాళ్లు దొంగతనం చేయలేదు, చట్టం తమదన్న డబ్బు తగలేశారు. ఆ చట్టమే ఇక్కడ పెద్ద దోషి. ఇంకోటి, ఇంట్లో సంపాదించేది ఐదేళ్ల పిల్ల అయితే నాన్న పరిస్థితి ఏంటి? గుర్రం మీదినుంచి పడుతూ లేస్తూ రోజుకి కొన్ని డాలర్లు తెచ్చే కౌబాయ్ ఒక్కసారిగా కూతురి మేనేజరయ్యాడు. సెట్లో ఆయన గౌరవం, ఇంట్లో ఆయన మాట, రెండూ ఆ పిల్ల మీదే ఆధారపడ్డాయి. అది ఎవరికీ మంచి చేసే ఏర్పాటు కాదు. ఇవన్నీ తండ్రిని వెనకేసుకొచ్చే మాటలు కావు, మంటల సీను తర్వాత కూడా పాపని షూటింగ్‌కి తీసుకెళ్లిన మనిషిని ఎలా వెనకేసుకొస్తాం?

ఆరేడేళ్లకే కెరీర్ ఎందుకు ఆగిపోయింది? పెద్దదైపోయిందనా?

కాదు, ఇది చాలామంది పొరపాటుగా అనుకునే విషయం. పిల్ల పెరిగిపోవడం వల్ల కాదు, పాపులారిటీ పడిపోవడం వల్లా కాదు. 1925లో జీతం విషయంలో జాక్‌కీ సోల్ లెస్సర్‌కీ గొడవైంది. జాక్ కాంట్రాక్టు రద్దు చేసేశాడు, ఇంకో స్టూడియో ఎగిరి గంతేసి తీసుకుంటుందని ధీమా. ఎవరూ తీసుకోలేదు. స్టూడియోల వాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడతారు గానీ, మొండికేసే మేనేజర్ విషయంలో అందరూ ఒక్కటే. పెగ్గీ పేరు బ్లాక్‌లిస్టులో పడింది. ఆ తర్వాత మూకీల్లో దొరికింది ఒకే ఒక చిన్న పాత్ర, 1926లో 'ఏప్రిల్ ఫూల్'. అంతే.

గొడవ పడింది ఇద్దరు పెద్దవాళ్లు, ఉద్యోగం పోయింది ఏడేళ్లు నిండని పిల్లకి.

తర్వాత ఏం చేసింది?

వాడవిల్. అంటే పాటలు, హాస్యం, గారడీ, కుక్కల ఆటలు అన్నీ కలిపి ఊరూరా తిరిగే స్టేజీ షోలు. 1925 నుంచి 1929 దాకా దేశమంతా రైళ్లలో తిరిగింది. సినిమా పిల్ల స్టేజీ మీద ఏం చేస్తుందిలే అని మొదట పెదవి విరిచినవాళ్లే తర్వాత హాళ్లు నింపారు. జనం ముందు ప్రత్యక్షంగా నిలబడి, మాట్లాడి, నవ్వించడం నేర్చుకుంది. ఒంట్లో బాగాలేకపోయినా షో ఆపేది లేదు, ఇల్లు గడవడం మళ్లీ ఆమె మీదే.

ఆ డబ్బుతో జాక్ వయోమింగ్‌లో ఒక పశువుల క్షేత్రం కొన్నాడు, పట్నం వాళ్లు వచ్చి సెలవులు గడిపేలా చేయాలని ఆయన కల. 1929లో షేర్ మార్కెట్ కుప్పకూలడంతో అదీ పోయింది. 1932లో కుటుంబం మళ్లీ హాలీవుడ్ వచ్చిపడింది.

టాకీల్లో మళ్లీ ప్రయత్నించలేదా?

ప్రయత్నం అనడం కంటే గతిలేక చేసింది అనాలి. అప్పటికి 13 ఏళ్లు, ఒకప్పుడు తన బొమ్మ అతికించిన ఊళ్లోనే గుంపులో నిలబడే ఎక్స్‌ట్రాగా వేషాలు. ఒకటి రెండు పత్రికలు పాత స్టార్ తిరిగొచ్చిందని రాశాయి గానీ అదేం నిలబడలేదు. ఆమెకీ ఆ పని మీద ఇష్టం లేదు. 17 ఏళ్లకి అక్కతో కలిసి ఇంట్లోంచి బయటికొచ్చి వేరే గది అద్దెకి తీసుకుంది. 1938లో సినిమాలు పూర్తిగా మానేసింది, అదే ఏడాది గోర్డన్ ఎయిర్స్‌ని పెళ్లి చేసుకుంది. ఆ పెళ్లి పదేళ్లకి విడాకులతో ముగిసింది. ఈలోగా టెలిఫోన్ స్విచ్‌బోర్డు ఆపరేటర్‌గా, పుస్తకాల షాపులో, గిఫ్ట్ షాపులో పనులు చేసింది.

జాకీ కూగన్ చట్టం అంటారు కదా, దానికీ ఈమెకీ ఏంటి సంబంధం?

జాకీ కూగన్ ఈమెకంటే నాలుగేళ్లు పెద్ద, 1921లో చార్లీ చాప్లిన్ 'ది కిడ్'తో ప్రపంచానికి తెలిసిన పిల్లాడు. పెగ్గీని అతనికి పోటీగా చూసేవాళ్లు. అతని కథా అదే. పెద్దయ్యాక చూస్తే లక్షల డాలర్లు మాయం. 1938లో సొంత అమ్మ మీద, మారుతండ్రి మీద కోర్టుకెళ్లాడు. చివరికి చేతికొచ్చింది సుమారు 1,26,000 డాలర్లు. ఆ గొడవ దేశమంతా చదివింది కాబట్టి 1939లో కాలిఫోర్నియా బాలనటుల చట్టం తెచ్చింది. అందులో కన్నాలు చాలా ఉండేవి, కోర్టు ఆమోదించిన కాంట్రాక్టులకే వర్తించేది. 2000లో గట్టిగా సవరించాక పిల్లల సంపాదన పిల్లలదే అని తేలింది, స్థూల ఆదాయంలో 15 శాతం విధిగా ట్రస్టు ఖాతాలో వేయాలి.

పెగ్గీకి ఇందులో పైసా లాభం లేదు, చట్టం వచ్చేసరికి ఆమె వయసు 20, దావా వేయడానికి మిగిలిన ఆస్తీ లేదు. షర్లీ టెంపుల్ కూడా తప్పించుకోలేదు. సుమారు 32 లక్షల డాలర్లు సంపాదిస్తే పెద్దయ్యాక మిగిలినవి 44 వేలు. అన్నట్టు 'కెప్టెన్ జనవరి'ని 1936లో మళ్లీ తీశారు, హీరోయిన్ షర్లీ. పెగ్గీ అప్పటికి ఎక్స్‌ట్రా.

మరి మన దేశంలో నిబంధనలు ఎలా ఉన్నాయి?

సినిమాల్లోనో టీవీ షోల్లోనో పిల్లల్ని పెట్టే తల్లిదండ్రులు అడుగుతుంటారు కాబట్టి క్లుప్తంగా. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు, 2017లో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం బాలనటుల చేత రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విరామం లేకుండా 3 గంటలు దాటకూడదు, షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి, సంపాదనలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లలకి వేషాలు వేయిస్తున్నవాళ్లు ఈ డిపాజిట్ సంగతి ఒప్పందంలో రాయించుకోండి, నోటిమాటకి వదిలేయకండి.

పేరెందుకు మార్చుకుంది?

'బేబీ పెగ్గీ' అనే పిలుపు ఆమెని వదల్లేదు. ఉద్యోగానికి వెళ్తే గుర్తుపట్టడం, జాలిపడటం, 'అయ్యో అప్పట్లో ఎంత ముద్దుగా ఉండేదానివి' అనడం. పాతికేళ్ల మనిషికి ఆ మాట ఎంత మంటగా ఉంటుందో ఊహించుకోవచ్చు. క్యాథలిక్ మతంలోకి మారి డయానా సెర్రా అని పెట్టుకుంది, సెర్రా అనేది కాలిఫోర్నియాలో మిషన్లు అనే క్రైస్తవ మత కేంద్రాలు కట్టిన మతగురువు హునిపెరో సెర్రా పేరు. 1954లో బాబ్ కేరీ అనే చిత్రకారుణ్ణి పెళ్లి చేసుకుంది, ఒక కొడుకు. కొన్నాళ్లు మెక్సికోలో కాపురం. ఈ రెండో పెళ్లి భర్త పోయేదాకా నిలబడింది.

రచయిత్రిగా పెద్ద పేరేనా, లేక పాత స్టార్ అనే మొహమాటంతో పొగుడుతారా?

మొహమాటం అక్కర్లేదు. నన్నడిగితే ఆమె అసలు కెరీర్ ఇదే. సినిమాలు చేసింది ఆరేళ్లు, అవీ వేరేవాళ్లు చెప్పినట్టు. పుస్తకాలు తనంతట తాను నలభై ఏళ్లకి పైగా రాసింది.

మొదటి పుస్తకం 1975లో వచ్చిన 'ది హాలీవుడ్ పోసీ'. అందరూ ఆత్మకథ రాస్తుందనుకుంటే ఆమె రాసింది నాన్న లాంటి కౌబాయ్ స్టంట్‌మ్యాన్ల గురించి. పశువుల క్షేత్రాలు మూతపడ్డాక వాళ్లు హాలీవుడ్ ఎలా చేరారు, రోజు కూలికి ఎముకలు ఎలా విరగ్గొట్టుకున్నారు అనేది. తండ్రిని తిట్టడానికి ఎన్ని కారణాలున్నా, ముందుగా ఆయన మనుషుల చరిత్ర రాసిందామె. తర్వాత 1978లో 'హాలీవుడ్స్ చిల్డ్రన్', బాలనటుల వ్యవస్థ మొత్తం మీద. తన కథ 1996 దాకా బయటికి రాలేదు, అప్పటికి 77 ఏళ్లు. 2003లో జాకీ కూగన్ జీవితచరిత్ర. 2017లో నవల, 99 ఏళ్ల వయసులో. బాలనటుల హక్కుల కోసం పాల్ పీటర్సన్ అనే మాజీ బాలనటుడు పెట్టిన 'ఎ మైనర్ కన్సిడరేషన్' సంస్థతో కలిసి పనిచేసింది కూడా.

1962 నాటి 'వాటెవర్ హ్యాపెన్డ్ టు బేబీ జేన్' ఈమె కథేనా?

కాదు. అది కల్పిత నవల ఆధారంగా తీసిన థ్రిల్లర్. ఆమె తన ఆత్మకథకి 'వాటెవర్ హ్యాపెన్డ్ టు బేబీ పెగ్గీ' అని పేరు పెట్టడంతో జనం ఇంకా కలిపేస్తున్నారు.

150 చేసింది అన్నారు, మరి ఇంత తక్కువ ఎందుకు దొరుకుతున్నాయి?

1926లో సెంచురీ స్టూడియో కాలిపోయింది, నెగెటివ్‌లు చాలావరకు దాంతోపాటే పోయాయి. అప్పటి ఫిల్ము నైట్రేట్‌తో చేసింది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది, తగలకపోయినా డబ్బాలోనే జిగురుగా మారి పొడైపోతుంది. టాకీలొచ్చాక పాతవాటికి విలువ లేదని స్టూడియోలే పారేశాయి, కొందరు అందులోని వెండి కోసం కరిగించేశారు. అమెరికా మూకీలు ఎన్ని మిగిలాయని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ఒక అధ్యయనం వెలువరించింది, సుమారు 11 వేల పూర్తి నిడివి చిత్రాల్లో అసలు రూపంలో పూర్తిగా మిగిలింది 14 శాతం. చిన్న హాస్య చిత్రాల పరిస్థితి ఇంకా అన్యాయం, వాటిని ఎవరూ సీరియస్‌గా దాచలేదు.

అయినా అప్పుడప్పుడు ఎక్కడో ఒకటి బయటపడుతుంటుంది. 1924 నాటి 'అవర్ పెట్' ప్రింటు 2016లో జపాన్‌లో దొరికింది. అప్పటికి పెగ్గీ బతికే ఉంది, 97 ఏళ్లు.

ఎప్పుడు చనిపోయింది?

2020 ఫిబ్రవరి 24న, కాలిఫోర్నియాలోని గస్టీన్ అనే చిన్న ఊళ్లో. 101 ఏళ్లు. మూకీల్లో స్టార్‌గా వెలిగినవాళ్లలో చివరిదాకా మిగిలింది ఆమే అని పత్రికలన్నీ రాశాయి.

ఇప్పుడు చూడాలంటే దేనితో మొదలుపెట్టాలి?

ముందు పెద్ద సినిమాలకి పోకండి. 'పెగ్ ఓ ది మౌంటెడ్' చూడండి, చిన్న పొట్టి గుర్రం మీద కెనడా పోలీసు యూనిఫాం వేసుకుని ముఠాని పట్టుకోడానికి బయలుదేరుతుంది, నవ్వకుండా చూడలేరు. 'కార్మెన్ జూనియర్' అయితే పేరడీ ఎలా చేసేదో తెలుస్తుంది. అవి నచ్చితే అప్పుడు 'కెప్టెన్ జనవరి', సముద్రం ఒడ్డుకి కొట్టుకొచ్చిన పాపని లైట్‌హౌస్ కాపలాదారు పెంచుకునే కథ, కాస్త సెంటిమెంటు ఎక్కువే గానీ ముసలాయనకీ పాపకీ మధ్య సీన్లు బాగుంటాయి. 'హెలెన్స్ బేబీస్' నాకంత నచ్చలేదు, క్లారా బో కోసం చూడొచ్చు. 2012లో ఆమె మీద 'ది ఎలిఫెంట్ ఇన్ ద రూమ్' అనే డాక్యుమెంటరీ వచ్చింది, అందులో తొంభై దాటిన డయానా తనే మాట్లాడుతుంది. అది చివరికి పెట్టుకోండి, సినిమాలు చూశాక చూస్తే ఆ మాటలు ఎక్కడెక్కడ తగులుతాయో తెలుస్తుంది. డాక్యుమెంటరీ తప్ప మిగతావన్నీ మూకీలే కాబట్టి భాష సమస్య లేదు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాల కార్డులు పిల్లలకి పక్కన కూర్చుని తెలుగులో చెబితే చాలు.